కుండ కింద గీత

ఒమన్‌లోని రూవిలో మనీ ఎక్స్ఛేంజీల వెనక సందులో ఒక పాత పుస్తకాల కొట్టు ఉంది. కాంట్రాక్టు ముగిసి దేశం వదిలి వెళ్ళే కుటుంబాలు పెట్టెల్లో పట్టక వదిలేసిన పుస్తకాలన్నీ అక్కడికి చేరతాయి. వంటల పుస్తకాలు, పిల్లల విజ్ఞాన సర్వస్వాలు, ఎవరో సగం నింపి విసుగొచ్చి వదిలేసిన గళ్ళనుడికట్లు. పోయిన వారం అక్కడ తివాచీల గురించి అచ్చేసిన ఒక పెద్ద బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ అంచున రెండు పసుపు మచ్చలు కనిపించాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆనించినట్టు పక్కపక్కనే ఉన్నాయి.

కొట్టు నడిపేది మలబారు నుంచి వచ్చిన ముసలాయన. అందరికీ కాకా. పుస్తకం తీసుకెళ్ళి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పేజీని ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"మేస్త్రీ," అన్నాడు. "కొనేవాళ్ళు కూర మరక అనుకుంటారు. ఇది కూర కాదని ఎంతమందికి చెప్పను?"

హిందీలో అలా గొణిగి, పుస్తకాన్ని మళ్ళీ అరలో పెట్టకుండా తన కుర్చీ వెనక దాచుకున్నాడు.

మేస్త్రీ అంటే టైల్స్ మేస్త్రీ. జగిత్యాల వైపు మనిషి. ఇప్పుడు ఒమన్‌లో లేడు. వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరికి వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఇక్కడ ఎన్ని విల్లాలకు నేల వేశాడో ఆయనే లెక్క మరిచిపోయాడు. నాకు మాత్రం ఆయన పేరు చెబితే నేల గుర్తు రాదు. గాలిలో ఆడే రెండు వేళ్ళు గుర్తొస్తాయి.

మొదటిసారి చూసింది ఒక శుక్రవారం సాయంత్రం. నేను పత్రిక డెస్కు పని వదిలి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా ఆవిడ దగ్గరకు వచ్చిన కొత్త. ఆమెకు డ్యూటీ ఉన్న రోజుల్లో నాకు తోచదు. కాకా కొట్టు అలా అలవాటైంది. ఆ రోజు వెనక అర దగ్గర ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై దగ్గర పడిన వయసు, సిమెంటు తిని గరుకెక్కిన వేళ్ళు, ఉతికి మడతపెట్టిన చొక్కా. నేలమీద తువ్వాలు పరిచి దానిమీద పుస్తకం పెట్టుకున్నాడు. పుస్తకాన్ని ముట్టుకోవడం లేదు. పేజీకి జానెడు ఎత్తున బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాస్తూ, బొమ్మలో గీత ఎటు పోతే అటు చేయి తిప్పుతున్నాడు. చేతిలో ఏమీ లేదు. ఏదో రాలుతున్నట్టు మాత్రం ఉంది. వణుకు జబ్బేమో అనుకున్నాను.

"చదవడు, కొనడు," అన్నాడు కాకా నాతో, ఆయనకు వినబడేలాగే. "కానీ ఇక్కడికి వచ్చేవాళ్ళలో చేతులు కడుక్కుని వచ్చేది ఈయనొక్కడే."

అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది. నేను తెలుగులో మాట్లాడటం విని ఆయన తల ఎత్తాడు. ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "మనోళ్ళేనా సార్? జెర ఇటు రాండ్రి. ఇండ్ల ఏం రాసిండ్రో చెప్తరా?" అన్నాడు.

అది సముద్రపు గవ్వలూ శంఖాల పుస్తకం. బొమ్మ కింద ఇంగ్లీషులో ఉన్న పేరు చదవబోయాను.

"పేరొద్దు సార్. ఈ సుట్టు ఉన్నది సూడుండ్రి, ఇది లోపలికెల్లి బైటికి తిరిగిందా, బైటికెల్లి లోపలికి తిరిగిందా? గది రాసిండ్రా?"

ముప్పై ఏళ్ళు వార్తలు దిద్దినవాణ్ణి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగడం నేర్చినవాణ్ణి. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. పుస్తకంలోనూ లేదు. లేదన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. పేజీ తిప్పాడు.

ఆ తర్వాత శుక్రవారాలు మేమిద్దరం అక్కడే కలిసేవాళ్ళం. ఆయన వెతుకులాట ఏమిటో నాకు ఒక్కసారిగా తెలియలేదు. టీ తాగుతూ, చిల్లర డబ్బులకు ఎక్కే బైజా బస్సు కోసం నిలబడి, ముక్కలు ముక్కలుగా తెలిసింది.

వాళ్ళది పట్నమేసే ఇల్లు. ఊళ్ళో అయిదేళ్ళకోసారి ఎల్లమ్మ కొలుపు జరుగుతుంది. గుడి ముందరి సాలలో అలికిన నేలమీద అయిదు రంగుల పొడులతో పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండుటాకు పొడి, బొగ్గు. గదంత విశాలమైన ముగ్గు అనుకోవచ్చు గానీ ఆయన ముందు ముగ్గు అంటే ఒప్పుకోడు. "ముగ్గు వాకిట్ల ఏస్తరు సార్. పట్నం అమ్మ కూసునే జాగ." నడుమ కుండ పెడతారు. అమ్మ అందులోకి వస్తుంది. కొలుపు అయ్యాక అందరూ కలిసి పట్నాన్ని తొక్కుతారు. గీత మిగలకూడదు. మిగిలితే అమ్మ పోలేక అక్కడే చిక్కుకుంటుందని వాళ్ళ నమ్మకం.

ఆ పట్నం వేసే హక్కు వాళ్ళ నాయినది. చిన్నప్పుడు మేస్త్రీ అంచులు పోసేవాడు. నాలుగు దర్వాజలు, పాము గీతలు, ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రుడు, అన్నీ నేర్చాడు. కుండ కింద ఏముంటుందో మాత్రం నేర్వలేదు. ఆ పనికి ముందు నాయిన సాలలోంచి అందరినీ పంపేసేవాడు. కొడుకును ఆకుపొడి తెమ్మని ఊరి ఆ చివరికి తోలేవాడు. తిరిగి వచ్చేసరికి కుండ కూర్చుని ఉండేది. పెద్దయ్యాక లీవుకు పోయినప్పుడల్లా అడిగాడు. "వచ్చే లీవుల జెప్త బిడ్డా" అన్నాడట నాయిన, మూడు లీవుల్లో మూడుసార్లు. నాలుగో లీవు రాకముందే గుండె ఆగింది.

అప్పటికి వచ్చే ఎండాకాలమే కొలుపు. ఊరి పెద్దమనుషులు ఫోన్ చేసి అడుగుతున్నారు, ఏస్తవా ఏయవా అని. వేయలేనంటే వేరే ఏర్పాటు సిద్ధంగా ఉంది. మేస్త్రీ బామ్మర్దికి మండలంలో ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు ఉంది.

"బావా, నువ్వు పరేషాన్ గాకు అంటడు సార్," అని బామ్మర్ది గొంతు అనుకరిస్తూ చెప్పేవాడు మేస్త్రీ. "పది ఫీట్ల ఫ్లెక్సి కొట్టిస్త, అయిదు రంగులు గాదు, యాభై రంగులు. అమ్మవారి బొమ్మ, కింద సర్పంచు ఫోటో, మూలకు నీ ఫోటో గూడ పెడ్త, దుబాయ్ బావ అని."

"మీరు ఒమన్‌లో కదా ఉంది?"

"వానికి అన్నీ దుబాయే సార్."

నవ్వేవాడు. నవ్వు ఆగాక చేతులు చూసుకునేవాడు. "నవ్వుతున్నం గని సార్, ఫ్లెక్సి తొక్కితె ఏమైతది? దులిపి, సుట్ట జుట్టి, మళ్ళ అయిదేండ్లకు దాస్తరు. అమ్మ ఎట్ల పోవాలె ఇంటికి?"

ఒకసారి నాకు ఓపిక తగ్గి అనేశాను. కుండ కింద ఏముందో ఎటూ ఎవరికీ కనబడదు కదా, ఏదో ఒకటి గీసి పైన కుండ పెట్టేయండి అని.

ఆయన నా మొహంలోకి చూశాడు. "పేపర్ల ఎవ్వలు సూడని మూలకు మీరు తప్పు రాస్తుండిరా సార్?"

రాశాను, చాలాసార్లు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఊళ్ళో ఇంకెవరికైనా తెలుసేమో, మీ అమ్మగారిని అడిగారా అన్నాను. వాళ్ళు తల్లిని అవ్వ అంటారు. "అవ్వకేం తెల్వది సార్. ఆడోళ్ళు కుండ కూసున్నంకనే లోపలికొస్తరు. ముందు రానియ్యరు." అడగక్కర్లేని ప్రశ్న అడిగానన్నట్టు తేల్చేశాడు.

మరి ఆ రహస్యం ఈ పుస్తకాల్లో ఎందుకుంటుంది? అదీ అడిగాను. మేం చర్చికి పోయేవాళ్ళమని ఆయనకు అప్పటికే తెలుసు.

"మీకు తిప్పల లేదు సార్. మీ దేవునిది ఒక్కటే బుక్కు. తెరిస్తె అయిపాయె. కంపెనీల మా ఫోర్మన్‌ది గూడ ఒక్కటే బుక్కు. మా అమ్మకు బుక్కు లేదు. గందుకే అన్ని బుక్కులు సూడాలె. యాడనో ఒక కాడ ఉంటది."

దీన్ని మా ఆవిడకు చెబితే పకపకా నవ్వింది. "వాక్యం వినేటప్పుడు కునుకుతారు, ఎల్లమ్మ పనికి మాత్రం ఊరంతా తిరుగుతారు," అంది. మర్నాడు తన పాత నర్సింగు పుస్తకాల్లోంచి శరీర నిర్మాణం పుస్తకం తీసి ఇచ్చింది, మీ మేస్త్రీకి చూపించండని. ఆయన అందులో గుండె కోత బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు. నాలుగు గదులు, తలుపులు. "మంచిగున్నది," అన్నాడు. "మా నాయినది గిదే ఆగింది గదా." ఆ పేజీ మీద వేళ్ళు ఆడించలేదు. పుస్తకాన్ని మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

పుస్తకం చూడటంలో ఆయనకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. నేలమీద పెట్టేవాడు కాదు. ఎడమచేత్తో పేజీ తిప్పేవాడు కాదు. ఎంత నచ్చినా ఫోన్లో ఫోటో తీసుకునేవాడు కాదు. "ఫోన్ల వడ్డది చేతుల వడదు సార్." తివాచీలంటే ప్రాణం. మసీదు గుమ్మటాల బొమ్మలు మెడ వెనక్కి వాల్చి, నిజంగా కింద నిలబడ్డట్టు చూసేవాడు. పువ్వులు వద్దనేవాడు, వాడిపోతాయని. ఒకసారి కేకుల మీద క్రీముతో చేసే అలంకారాల పుస్తకం దొరికింది. చివరిదాకా శ్రద్ధగా చూసి, "గిది మా బామ్మర్దికి పంపాలె," అన్నాడు. కాకా కౌంటర్ దగ్గర నుంచి, "మేస్త్రీ, వచ్చే వారం గుర్రాల పుస్తకం వస్తుంది, నీ అమ్మకి గుర్రం కావాలా?" అని అరిచేవాడు. "కాకా, పంపు. ఆమెకు ఏదొద్దన్నది?" అని ఈయన తిరిగి అరిచేవాడు.

నచ్చినదాన్ని వేళ్ళతో మోసుకుని రూమ్‌కు పోయి, మరుసటి శుక్రవారం పొద్దున నేలమీద పోసి చూసేవాడు. సాయంత్రం కొట్టుకు వచ్చేసరికి ఎంత కడిగినా వేళ్ళకు పసుపు మిగిలేది. ఒకసారి నన్నూ పిలిచాడు.

హమ్రియాలో రెండో అంతస్తు, ఆరుగురు ఉండే రూమ్. మంచాలన్నీ గోడకు నిలబెట్టారు. రంగులు అయిదు పళ్ళాల్లో ఉన్నాయి. ఆకుపచ్చ దగ్గర నేను ఆగాను. ఊళ్ళో అయితే చిక్కుడాకు ఎండబెట్టి దంచుతారు. ఇక్కడ ఏం చేశారని అడిగాను. మత్రా బజారులో ఒమానీ ఆడవాళ్ళు తలంటుకోవడానికి కొనే ఆకుపొడి అది. సిద్ర్ అంటారు. ఆయన మొదటిసారి పొట్లం విప్పి వాసన చూసి, "గిది మన రేగాకు గదా" అన్నాడట. రేగు జాతే. ధూపానికి సాంబ్రాణి బదులు ఇక్కడి చెట్ల సువాసన బంక, లుబాన్ రాజేశాడు. ఆ విషయంలో ఊరికంటే ఇక్కడే అమ్మకు దర్జా అన్నాడు.

ఆ రోజు వేస్తున్నది ఐరోపా చర్చీల పుస్తకంలో చూసిన ఒక గుండ్రటి రంగు అద్దాల కిటికీ. "మీ వాళ్ళదే సార్, ఏమనుకోరు గదా?" అని ముందే అడిగాడు. ఏమనుకుంటాం. నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను. పొడి చిటికెల్లోంచి దారంలా దిగుతోంది. ముందు నాలుగు దర్వాజలు పోశాడు, తర్వాత పాము గీతలు, వాటి లోపల ఇంకో వరస, దాని లోపల ఇంకోటి. అంచుల నుంచి నడుముకు పోతున్నాడు. చివరికి ఆ కిటికీ రేకులు నింపి నడుము నిటారు చేశాడు. రూమంతా వెలిగిపోయింది. గుమ్మంలో గుమిగూడిన రూమ్‌వాళ్ళు ఈలలు వేశారు.

అప్పుడు తెలిసింది, ఆయన నడిమధ్యలో నిలబడి ఉన్నాడు. చుట్టూ ఎటు చూసినా రంగుపొడి. కాలు పెట్టే చోటు లేదు.

వంట వంతు ఆ వారం ఎవరిదో, ఒక నిజామాబాద్ ఆయన, చేతిలో గరిటెతోనే వచ్చి చూసి పడీపడీ నవ్వాడు. "ఏందన్నా, సైట్ల టైల్స్ గిట్లనే ఏస్తవా? చుట్టు సిమెంటు పోసుకోని నడుమల నిలవడ్తవా? అన్నం గూడ ఆడికే ఇసిరెయ్యాల్నా?"

మేస్త్రీ నవ్వలేదు. గెంతి బయటికి వచ్చాడు. మడమ తగిలి ఒక దర్వాజ చెదిరింది. బొమ్మ చాలా బాగుందన్నాను.

"అందంగున్నది సార్," అన్నాడు. "అంతే."

తొక్కి, ఊడ్చి, మంచాలు దించేదాకా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు. నన్ను మెట్ల దాకా సాగనంపి అక్కడ అన్నాడు. "వాడు నిజమే అన్నడు సార్. సైట్ల నేను ముందుగాల నడుమ పట్టుకుంట. నడుమకెల్లి ఎనకకు ఎనకకు వచ్చి దర్వాజ కాడ తేల్త. మా నాయిన గూడ నడుమకెల్లే మొదలు వెట్టిండొచ్చు. నేను ఆకుపొడికి పొయ్యేది పని షురూ కాకముందు గదా. ఆఖరుకు కాదు."

కుండ కిందిది చివర వేసే బొమ్మ అనుకుని నాలుగేళ్ళుగా చివరి బొమ్మ కోసం వెతికాడు. అది మొదటిది. ఇది తెలిశాక కూడా అది ఏమిటో తెలియలేదు. కొలుపు మూడు నెలల్లోకి వచ్చింది.

కాకా కొట్టులో చూడాల్సినవి అయిపోయాయి. మాల్‌లో ఉన్న పెద్ద పుస్తకాల షాపుకు తీసుకెళ్ళాను. గాజు తలుపులు, చల్లదనం, కాఫీ వాసన. నేనే కొంచెం బెరుకుగా ఉన్నాను గానీ ఆయనకు అలాంటిదేమీ లేదు. ఆ షాపు నేలకు టైల్స్ ఎవరు వేశారో గానీ వంకర వేశారని ముందుగా తేల్చాడు. తర్వాత అరల మధ్య తువ్వాలు పరిచి కూర్చున్నాడు. కౌంటర్‌లోంచి ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వచ్చింది, లేవమంటుందనుకున్నాను. ఆయన ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉన్న ఒక పుస్తకం రెండు చేతులతో ఆమెకు అందించి, "సిస్టర్, ఓపెన్," అన్నాడు. ఆమె ఒక నిమిషం చూసి, నవ్వి, గోటితో కాగితం చించి ఇచ్చింది.

అది మసీదుల మీద, పాత కోటల తలుపుల మీద ఉండే నక్షత్రపు అల్లికలు ఎలా గీయాలో నేర్పే పుస్తకం. చివరి బొమ్మ నుంచి చూసుకుంటూ వెనక్కి వచ్చాడు. మొదటి పేజీలో ఆగిపోయాడు.

"సార్, గీ పేజీల బొమ్మ లేదేంది? ఉత్త రెండు గీతలే ఉన్నయి."

చదివాను. ముందు నేలను నాలుగు భాగాలు చేస్తూ రెండు గీతలు గీసుకోవాలి. మిగతా అల్లికంతా వాటిని పట్టుకునే వస్తుంది. పని అయ్యాక వాటిని చెరిపేయాలి, చూసేవాళ్ళకు కనబడకూడదు.

"కనవడొద్దు అని రాసిండ్రా?"

"అలాగే రాశారు."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత షాపులో వాళ్ళంతా తిరిగి చూసేట్టు. "మా నాయిన దొంగ సార్! ఊరోళ్ళంత ఏమంటుండిరి? అమ్మ చెయ్యి వట్టి రాయిస్తది, గందుకే గీత అంత సక్కగ వస్తది అంటుండిరి. దారం కొట్టిండు సార్ మా నాయిన. నా లెక్కనే దారం కొట్టిండు!"

టైల్స్ వేసేవాళ్ళు దారానికి రంగు పూసి, ఇద్దరు రెండు కొసలూ బిగపట్టి, నడుమ లాగి వదులుతారు. నేలమీద గీత పడుతుంది. ఆయన రోజూ చేసే మొదటి పని అదే.

నవ్వుతూ నవ్వుతూ హఠాత్తుగా ఆగాడు. దారానికి రెండు కొసలుంటాయి.

"మేకు కొట్టి కట్టేవారేమో," అన్నాను.

"అమ్మ ముంగట నేలల మేకు కొట్టరు సార్."

అందరినీ బయటికి పంపేసి తలుపు వేసుకున్న మనిషికి రెండో కొస ఎవరు పట్టుకున్నారు? పుస్తకాన్ని తుడిచి అరలో పెట్టాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఊరికి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు. అటువైపు టీవీ మోగుతోంది.

"అవ్వా, తిన్నవా?"

"తిన్న బిడ్డా. నువ్వు?"

"తిన్న. అవ్వా, నాయిన పట్నానికి దారం కొడుతుండె గదా. రెండో కొస ఎవలు వట్టుకుంటుండె?"

టీవీ చప్పుడు ఆగింది.

"నీకెవలు జెప్పిండ్రురా?"

"ఎవ్వలు చెప్పలే. బుక్కుల సూశిన."

"బుక్కులల్ల గిది గూడ రాసిండ్రా!"

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. తనే పట్టుకునేదట. కొడుకు ఆకుపొడికి పోగానే వెనక దర్వాజ నుంచి వచ్చి, కుండ కూర్చోగానే అటునుంచే పోయేది. ఆడమనిషి ముందే లోపలికి వచ్చిందంటే పట్నం మైలపడ్డదని ఊరు లేస్తుందని ఆయన భయం. గీతల మీద ఇంకేం వేసేవాడని అడిగితే, ఏమీ లేదంది. రెండు గీతలు కలిసిన చోట చిటికెడు పసుపు, దాని మీద కుండ.

"మరి నాకెందుకు జెప్పలేదే ఇన్నేండ్లు?"

"నువ్వు అడిగినవా?"

ఫోన్ పెట్టేశాక మాల్ బయట ఎండలో చాలాసేపు కూర్చున్నాం. ఇక మీ వెతుకులాట తీరిపోయినట్టే కదా అన్నాను.

"యాడ తీరింది సార్? ఇప్పుడు అవ్వను ఏ దర్వాజకెల్లి తీసుకపోవాలె? గది బుక్కులల్ల ఉండది."

మెల్లగా మీ నాయిన చేసినట్టే చేసేయండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఊరు, కొలుపు, పెద్దమనుషులు, ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుని సిద్ధంగా ఉన్న బామ్మర్ది. తప్పు పట్టారంటే ఆ ఇంటి హక్కు ఆ రోజుతో పోతుంది. ఆయనకు అది నాకంటే బాగా తెలుసు. బస్సు వచ్చేదాకా వేళ్ళు ఒకదానికొకటి రాస్తూనే ఉన్నాడు. బస్సెక్కేముందు, "నాయినకు భయం ఉండె. నాకేం భయం సార్, నేను దుబాయ్ బావను గదా," అన్నాడు.

కొలుపు అయిన మర్నాడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది. వెనక ఇంకా ఎక్కడో డప్పు మోగుతోంది.

సాలలోంచి ఎవరినీ పంపలేదట. అందరినీ దగ్గరికి రమ్మన్నాడు. జనం దర్వాజ దాకా నిండారు. తర్వాత, "రా అవ్వా," అని ముందు దర్వాజ నుంచే తల్లిని పిలిచాడు. ఆవిడ కాళ్ళు కడుక్కుని, కొంగు దోపుకుని, నడిచి వచ్చి నేలమీద గొంతుక్కూర్చుని, ముప్పై ఏళ్ళ అలవాటున్న చేత్తో దారం కొసను బొటనవేలికి చుట్టుకుంది. బామ్మర్ది ఫ్లెక్సీ చుట్టను గోడకు ఆనించి ముందుకొచ్చి చూస్తున్నాడు. పెద్దమనుషుల్లో ఒకాయన లేచాడు.

"గిదేం పద్ధతిరా? కుండ కూసోకముందు ఆడమనిషి నడుమల కూసుంటె అమ్మ వస్తదా?"

"నేను జవాబు చెప్దామని నోరు తెరిచిన సార్," అన్నాడు మేస్త్రీ. "అవ్వ నన్ను ఆగుమన్నది. ఆయన దిక్కు సూడలే. దారం దిక్కే సూసుకుంట అన్నది, వచ్చేది గూడ ఆడమనిషే గదనే పటేలా అని."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటడు? కూసున్నడు. దారం లాగి ఇడిశిన సార్. గీత సక్కగ వడ్డది."